స్లోవాక్ భాష వచ్చిన వంటమేస్త్రి

యెహెజ్కేలు వంటమేస్త్రి గొప్పలు చెప్పుకుంటాడని వెనకాల నవ్వుకునేవాళ్ళు చాలామందే ఉండేవారు. గొప్పలు ఉన్నవాడు చెప్పుకోక, లేనివాడు చెప్పుకుంటాడా? నరసాపురం అవతల లంకలో పుట్టి, మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివాడు. పదకొండో ఏట నూట పంతొమ్మిదో కీర్తన, నూట డెబ్భై ఆరు వచనాలూ పుస్తకం చూడకుండా అప్పజెప్పి, జ్ఞానదాసు మేష్టారి చేతి మీదుగా ఇత్తడి గ్లాసు పుచ్చుకున్నాడు. లూథరన్ మహాసభలకు పన్నెండు వందల మందికి మూడు గాడిపొయ్యిల మీద వండి, ఒక్క గుండిగ అడుగంటనివ్వలేదు. పులుసులో ఉప్పు చాలిందో లేదో నోట వేసుకోకుండా ఆవిరి వాసన పట్టి చెప్పేవాడు. ఇవన్నీ ఒక ఎత్తు. యాభయ్యో పడిలో విమానమెక్కి బహ్రెయిన్‌లో దిగి, ఏ కాలేజీ మెట్లూ తొక్కకుండా స్లోవాక్ భాష నేర్చుకోవడం ఒక ఎత్తు. ఆ దీవి మొత్తంలో ఆ భాష మాట్లాడే తెలుగువాడు అతనొక్కడే. ఆ చివరి గొప్పే అతన్ని పట్టుకుని నాలుగేళ్ళు కదలనివ్వలేదు.

అతను పని చేసిన ఇల్లు అక్కడ జింజ్ అనే పేటలో ఉండేది. యజమాని డాక్టర్ యూసుఫ్. ఆయన కుర్రతనంలో వైద్యం చదవడానికి యూరప్ వెళ్ళి, డాన్యూబ్ నది ఒడ్డున బ్రాటిస్లావా అనే పట్నంలో ఆరేళ్ళు ఉండి, డిగ్రీతో పాటు వియెరా అనే పిల్లని కూడా తెచ్చుకున్నాడు. కొన్నాళ్ళకు వియెరా తన తల్లిని కూడా రప్పించుకుంది. ఆ తల్లి పేరు జోఫియా. ఇంట్లో పిల్లలు ఆమెను బాబ్కా అనేవారు, అంటే వాళ్ళ మాటలో మామ్మ. ఆవిడ వచ్చిన రెండేళ్ళకే వియెరా జబ్బు చేసి పోయింది. పిల్లలిద్దరూ బడికెళ్ళి అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ పడ్డారు. డాక్టరు ఆ భాషలో మాట్లాడటమే మానేశాడు. ఇక ముసలావిడతో మాట్లాడే నోరు ఆ ఇంట్లో లేకుండా పోయింది. ఏడు నెలలు ఆవిడ పెదవి విప్పలేదు, సరిగా తినలేదు. తినడం లేదన్న కారణానికే డాక్టరు వంటవాణ్ణి వెతికాడు, యెహెజ్కేలు దొరికాడు.

మొదటి వారం అతను చేసిన వంటకాలన్నీ వెనక్కి వచ్చాయి. పన్నెండు వందల మందిని మెప్పించిన చెయ్యి ఒక్క ముసలిదాని ముందు ఓడిపోవడమా! ఎనిమిదో రోజున ఆవిడే కర్ర టక్కుటక్కుమనిపించుకుంటూ వంటింట్లోకి వచ్చింది. బంగాళాదుంపలు చూపించి "జెమియాకీ" అంది. పిండి చూపించి "ముకా" అంది. దుంపలు పచ్చివే తురిమి, పిండి కలిపి, చెక్క మీద పెట్టి చాకుతో ముక్కలు ముక్కలుగా మరిగే నీళ్ళలోకి తోసింది. అవి పైకి తేలగానే చిల్లుల గరిటెతో తీసి, గొర్రెపాల జున్ను కలపాలని సైగ చేసి చూపించింది. గొర్రెపాల జున్ను లేక మేకపాలది కలిపారు. ఆ రోజు ఆవిడ పళ్ళెం ఖాళీ చేసి, కళ్ళు తుడుచుకుని, "ద్యాకుయెమ్" అంది. అది కృతజ్ఞతలని చెప్పే మాటని అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

అక్కణ్ణించి అతనికి పట్టుదల పట్టుకుంది. ఆ భాషలో ప్రతి మాటకీ తోక మారుతుంది. ఊరికి వెళ్ళడానికో తోక, ఊళ్ళో ఉండడానికో తోక, ఊరినుంచి రావడానికో తోక. ఇంగ్లీషు వచ్చినవాళ్ళయితే అక్కడే బెదిరిపోయేవారు. జ్ఞానదాసు మేష్టారు బెత్తం ఊపుతూ డు ము వు లు వల్లె వేయించిన బుర్రకి అదేమంత? "మన విభక్తుల్లాగే ఉన్నాయి!" అనుకుని, పిండి డబ్బా మీద బొగ్గుతో రాసుకుని వల్లె వేశాడు. ఏడాదిన్నరకి ఆవిడతో పోట్లాడేటంత భాష వచ్చింది.

పోట్లాట కూడా ఒక్క విషయం మీదే. వచ్చినవాళ్ళు ఎవరైనా "ఆవిడ చెక్ కదూ?" అంటే ముసలావిడ గరిటె బల్లకేసి కొట్టేది. "స్లోవెన్కా! నేను స్లోవాక్ దాన్ని! చెక్కులు మా పక్కింటివాళ్ళు, ఒక రాజ్యంలో కాపురం పెట్టాం, అంతే! అంతకు ముందు వెయ్యేళ్ళు హంగరీ రాజులు ఏలారు. మా అమ్మ కాలంలో బళ్ళో మా భాష మాట్లాడితే చేతుల మీద కొట్టేవారు. అయినా పోయిందా మా భాష? పోలేదు!"

యెహెజ్కేలుకి ఆ కోపం బాగా తెలుసు. అతన్ని బహ్రెయిన్ అంతా మద్రాసీ అనే పిలిచేది. "మద్రాసు నేను చూడనేలేదు, భాయ్! నేను తెలుగువాణ్ణి" అని ఎన్నిసార్లు మొత్తుకున్నా, "సరే మద్రాసీ, యల్లా, చాయ్ తే" అనేవారు.

ఆవిడది తాత్రా కొండల కింద, వాహ్ అనే నది పక్కనున్న ఊరు. ఆరునెల్లు మంచు, చెక్క ఇళ్ళు, కొండ మీద గొర్రెల మందలు, చేతిలో చిన్న గొడ్డలి పట్టుకు తిరిగే కాపర్లు. ఆ నదికి ప్రభుత్వం ఆనకట్ట కట్టింది. పది పన్నెండు ఊళ్ళు నీటి కిందికి పోయాయి, ఆవిడ ఊరూ పోయింది. "మా ఇల్లు ఎక్కడికీ పోలేదు, యెజెకియెల్. అక్కడే ఉంది. పైన చేపలు తిరుగుతున్నాయి, అంతే" అనేది, అతని పేరుని తన భాషలోకి తిప్పి పలుకుతూ. గోదావరి లంకలో పుట్టినవాడికి అది కథలా అనిపించలేదు. ఏటి కోతకి పోయిన ఇళ్ళు అతనూ చూశాడు. వెనక్కి వెళ్ళడానికి ఇల్లు లేని మనిషి, ఏసీ గదిలో కిటికీ దగ్గర కూర్చుని ఇసుక రంగు ఆకాశం చూస్తూ ఉండేది. ఆవిడ అక్కడ, అతను వంటింట్లో. మధ్యలో గుమ్మం.

రెండేళ్ళకొకసారి రెండు నెలల సెలవని ఒప్పందంలో రాసి ఉంది. పాస్‌పోర్టు మాత్రం డాక్టరు గదిలో ఇనప బీరువాలో ఉంది. రెండేళ్ళు నిండినప్పుడు అడిగాడు.

"నువ్వెళితే ఆమెతో ఎవరు మాట్లాడతారు?" అన్నాడు డాక్టరు. ఇద్దరికీ వచ్చిన ముక్కల హిందీలో, మంచిగానే అన్నాడు. కసిరినా బావుండేది, తిరగబడొచ్చు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఆ ఏడు నెలలూ నువ్వు చూడలేదు, యెహెజ్కేలు భాయ్. నేను చూశాను. ఈ ఇల్లు సమాధిలా ఉండేది" అన్నాడు. మూడో ఏడు అడిగితే అదే జవాబు. జీతం పెంచాడు. పాస్‌పోర్టు బీరువాలోనే ఉంది.

నాలుగో ఏడు, ఎనభై ఆరులో, అక్టోబరులో ఉత్తరం వచ్చింది. భార్య మరియమ్మ చెబితే సామ్యూల్ పాస్టరు గారు రాశారు. ఆమె రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఇప్పుడు వెలుగు తప్ప మనుషులు తెలియడం లేదు. ఆపరేషన్ రెండుసార్లు వాయిదా వేయించుకుంది. మిషన్ ఆసుపత్రిలో మళ్ళీ జనవరి పదమూడున పెట్టారు. ఇంకా ఆగితే కన్ను దక్కదని డాక్టరమ్మ కోప్పడింది. ఉత్తరం చివర మరియమ్మ మాట మాటగానే ఉంది: "కట్టు విప్పినప్పుడు ఎదురుగా నువ్వుండాలి. నువ్వు లేకపోతే నేను బల్ల ఎక్కనని చెప్పేశాను. ఎవరి మొహమో చూడ్డానికి నాకీ కోత ఎందుకు?"

ఆ ఉత్తరం పట్టుకుని వెళితే డాక్టరు చాలాసేపు చదివించుకుని విన్నాడు. చివరికి ఒక మాట ఇచ్చాడు. "ఆమెతో మాట్లాడగలిగే మనిషిని ఇంకొకరిని తయారుచెయ్యి. నేను కళ్ళారా చూడాలి. చూశానంటే జనవరి మొదటి వారంలో నిన్ను విమానం ఎక్కిస్తాను. లేకపోతే ఖలాస్, ఇంకో ఏడాది."

ఈ సంగతి ముసలావిడకి అతను చెప్పలేదు. తాను సాధించినవి ఆవిడకి ఎన్నో చెప్పాడు, కీర్తన సంగతి, గుండిగల సంగతి. తన కష్టం చెప్పుకోవడం మాత్రం అతనికి పుట్టుకతోనే రాదు. ఇష్టమయ్యే ఉంటున్నాడని ఆవిడ అనుకునేది. అనుకోనిచ్చాడు.

పక్క ఇల్లు డాక్టరు తమ్ముడిది. ఆ ఇంట్లో ఇంటిపనికి తబితా అని అమలాపురం వైపు పిల్ల ఉండేది. పాతికేళ్ళ లోపే. శుక్రవారం తెలుగు క్రైస్తవ సహవాసంలో పాటలు మొదలెట్టేది ఆమే, గొంతు కంచుగంట. యెహెజ్కేలు ఆమెను ఎంచుకున్నాడు. మధ్యాహ్నాలు రెండు గంటలు పంపడానికి ఆ ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు.

అతను జ్ఞానదాసు మేష్టారి పద్ధతే పట్టాడు. ముందు తోకలు వల్లె వేయించాలి. అవి వచ్చాకే మాటలు. తప్పితే మొదటినుంచి.

"బాబాయ్ గారూ, నేను ఆవిడతో మాట్లాడ్డానికొచ్చానా, కలెక్టరు పరీక్షకా?" అంది తబితా మూడో రోజున.

"పునాది లేకుండా మేడ లేస్తుందే? నేను ఏడాదిన్నర వల్లె వేశాను."

"ఆయ్, మీరు వేశారు. మీ మొహం చూసి ఆవిడ నవ్వడం మాత్రం నేను ఒక్కనాడూ చూళ్ళేదు."

"నవ్వించడానికి నేను బుడబుక్కలవాణ్ణా?"

తబితా మూతి తిప్పుకుని, చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని ముసలావిడ గదిలోకి వెళ్ళి కింద కూర్చుంది. కాయలు ఒలుస్తూ ఇది ఏంటి, అది ఏంటి అని తెలుగులోనే అడిగేది. ఆవిడ వాళ్ళ భాషలో చెప్పేది. నెల తిరిగేసరికి తోకల్లేని మాటలతో ఇద్దరూ గంటలు గంటలు గడిపేస్తున్నారు. గుమ్మంలో నిలబడి వింటున్న యెహెజ్కేలుకి ఒళ్ళు మండేది. సెలవు దొరుకుతుందన్న ఆశ ఒక పక్క, నాలుగేళ్ళ తన కష్టాన్ని ఈ పిల్ల నెల రోజుల్లో చిక్కుడుకాయల్లా ఒలిచేస్తోందన్న మంట ఒక పక్క.

డాక్టరు పరీక్ష క్రిస్మస్ ముందురోజు సాయంత్రం భోజనానికి పెట్టుకున్నాడు. ఆ ఇల్లు ముస్లిం ఇల్లే అయినా ఆ ఒక్క పూట ముసలావిడది. ఆవిడదీ లూథరన్ సంఘమే. నెల ముందే యెహెజ్కేలు క్యాబేజీ తరిగి, ఉప్పేసి, ఊరగాయ జాడీలో కుక్కి, పండగ పులుసు కోసం పులియబెట్టాడు. ఆ పులిసిన వాసనకి డాక్టరు ముక్కు మూసుకుని తిరిగాడు. ఆవిడ దేశంలో ఈ పండక్కి వండే కార్ప్ చేప ఇక్కడ దొరకదు గనక హమూర్ చేప ముక్కలు వేయించాడు. ఆ దేశంలోనే ఉన్న ఆవిడ చెల్లెలు కవరులో పెట్టి పంపిన పలచటి అప్పచ్చులు దారిలో సగం విరిగాయి. వాటితో నంజుకోవడానికి తేనె, వెల్లుల్లి. బల్ల మీద ఎప్పుడూ ఒక పళ్ళెం ఎక్కువ పెడతారు, అనుకోకుండా వచ్చే మనిషి కోసం.

ఇంకొక ఆచారం ఉంది. అన్నీ ముందే బల్ల మీదికి చేర్చేయాలి. అందరూ ఒకసారి కూర్చున్నాక, భోజనం ముగిసేదాకా ఎవ్వరూ లేవకూడదు. లేచినవాళ్ళు మరుసటి క్రిస్మస్‌కి ఆ బల్ల దగ్గర ఉండరని వాళ్ళ నమ్మకం. అందుకే యెహెజ్కేలు ఏటా నిలబడే వడ్డించేవాడు. వంటమేస్త్రి కూర్చుని తినడం అతని లెక్కలో పరువు తక్కువ. ఆ ఏడు డాక్టరే అతన్నీ తబితానీ కూర్చోమన్నాడు.

పొద్దుగూకే మగ్రిబ్ నమాజు చేసుకుని డాక్టరు వచ్చాడు. ఆకాశంలో మొదటి చుక్క పొడిస్తేనే భోజనం; పిల్లలు మేడ మీదికి పరిగెత్తి అది కనిపించిందని అరిచారు. ముసలావిడ తేనెలో వేలు ముంచి ఒక్కొక్కరి నుదుట సిలువ గీసింది. డాక్టరు నుదుట మాత్రం ఉత్త చుక్క పెట్టింది. అందరూ కూర్చున్నారు.

"ఊ, మాట్లాడమ్మా" అన్నాడు డాక్టరు ఇంగ్లీషులో.

తబితా మొదలుపెట్టింది. అమలాపురంలో క్రిస్మస్‌కి ఇంటి మీదా చెట్టు మీదా చుక్క ఎలా కడతారో చెప్పింది. చెట్టెక్కి కడుతూ తమ్ముడు జారి పాస్టరు గారి మీద పడ్డ సంగతి చెప్పింది. మాటలు అడ్డదిడ్డంగా వచ్చాయి. ముసలావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. పిల్లలు కూడా ఏమిటేమిటని వంగారు. డాక్టరు ముఖం మెత్తబడింది.

అప్పుడు యెహెజ్కేలు నోరు తెరిచాడు. "చెట్టు మీద అనడానికి అలా అనకూడదు" అని సరిదిద్దాడు. తబితా సరిదిద్దుకుంది. ఇంకో మాట దగ్గర మళ్ళీ అందుకున్నాడు. మూడోసారి ఆ వాక్యం మొత్తం తనే చెప్పి చూపించాడు. డాక్టరు వింటున్నాడన్న ధ్యాస వచ్చేసరికి ఇంకా నోరు ఊరుకోలేదు. పులుసు గురించీ, జాడీ గురించీ, ముసలావిడ ఊరి పులుసుకీ తన పులుసుకీ తేడా గురించీ తోక తప్పకుండా గడగడా మాట్లాడాడు. ఆవిడ అలవాటు కొద్దీ అతనికే జవాబులు చెప్పడం మొదలెట్టింది. తబితా తలవంచుకుని చేపముల్లు ఏరుకుంటూ ఉండిపోయింది.

డాక్టరు చెంచా కింద పెట్టి, యెహెజ్కేలుతో హిందీలో అన్నాడు. "చూశాను. ఈ అమ్మాయికి ఇంకా రాలేదు. నువ్వే కావాలి. వచ్చే ఏడు చూద్దాం, భాయ్."

యెహెజ్కేలు చేతిలో రొట్టె ముక్క అలాగే ఆగిపోయింది. లేచి వంటింట్లోకి పోదామంటే లేవకూడదు. ఎదురుగా డాక్టరు, పక్కన ఖాళీ పళ్ళెం, ముందు తను వండిన చేప. నరసాపురంలో ఒక ఆడమనిషి బల్ల ఎక్కనంటోంది. ఎక్కించవలసినవాడు ఇక్కడ తన నోటితోనే తలుపు మూసుకున్నాడు.

"ఏమన్నాడు?" అంది ముసలావిడ. "నీ మొహం ఎందుకలా అయింది?"

"ఏమీ లేదు, బాబ్కా. పులుసు బావుందన్నారు."

తబితా తలెత్తింది. "ఏమీ లేకపోవడమేంటండీ బాబాయ్!" అని తెలుగులో కసిరి, ముసలావిడ వైపు తిరిగింది. తోకలన్నీ వదిలేసి, వచ్చిన మాటల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. "ఈయన పెళ్ళాం. కళ్ళు. చూడదు. డాక్టరు కోస్తాడు, జనవరి. ఈయన ఉండాలి. వెళ్ళాలి. డాక్టర్ సాబ్ వద్దు. బాబ్కా ఎవరితో మాట్లాడాలి? అందుకు వద్దు. నాలుగేళ్ళు వద్దు."

అందులో ఎన్ని తప్పులున్నాయో యెహెజ్కేలుకి తెలుసు. ఒక్కటి కూడా దిద్దలేదు.

"నా కోసమా?" అంది ముసలావిడ అతన్ని చూసి. "నాలుగేళ్ళు? నీకిక్కడ బావుందనుకున్నాను. నాకెందుకు చెప్పలేదు, యెజెకియెల్? నీ పన్నెండు వందల మంది సంగతి నాకు పదిసార్లు చెప్పావు. నీ భార్య కళ్ళ సంగతి ఒక్కసారి చెప్పలేకపోయావా?"

ఆవిడ అల్లుడి వైపు తిరిగి తన భాషలోనే అడిగింది. "నిజమేనా, యూసుఫ్?"

డాక్టరు అరబ్బీలో ఏదో గొణిగి కుర్చీ వెనక్కి నెట్టాడు.

"కూర్చో!" అంది. గరిటె లేకపోయినా గరిటె దెబ్బలాగే వినిపించింది. "వియెరా చివరి క్రిస్మస్‌కి ఉప్పు కోసం లేచింది. నేను వద్దన్నాను. నవ్వి లేచింది. నువ్వు నమ్మకపోయినా సరే, నా కళ్ళ ముందు ఇంకొకరు లేవద్దు. కూర్చుని, దాని భాషలో నాకు జవాబు చెప్పు."

డాక్టరు కూర్చున్నాడు. పిల్లలు కదలకుండా తండ్రినే చూస్తున్నారు. తర్వాత ఆయన మాట్లాడాడు, అయిదేళ్ళ తుప్పు పట్టిన గొంతుతో, స్లోవాక్‌లో. "ఈ భాషలో నోరు తెరిస్తే నాకు ఆమె గొంతే వినిపిస్తుంది, అమ్మా."

"నాకూ అంతే. అందుకే మాట్లాడమంటున్నాను. నా కూతురి గొంతు వినడానికి పరాయి ఊరి మనిషిని కట్టేసి ఉంచాలా?"

ఎవరూ లేవలేదు. లేవడానికి వీల్లేదు. చల్లారిపోయిన చేపను అందరూ చివరిదాకా తిన్నారు. పిల్లల్లో చిన్నది మధ్యలో తండ్రిని "బాబ్కా భాషలో ఉప్పుని ఏమంటారు?" అని అడిగింది. ఆయన చెప్పాడు.

మర్నాడు ఉదయం డాక్టరు వంటింట్లోకి వచ్చి పాస్‌పోర్టు గట్టు మీద పెట్టాడు. "రెండు నెలలు. ఒక్క రోజు దాటినా ఒప్పుకోను. తిరుగు టికెట్ కూడా తీశాను" అన్నాడు. పాస్‌పోర్టులో ఫోటో పాతది, నాలుగేళ్ళ కిందటి నల్లటి జుట్టుతో ఉంది. యెహెజ్కేలు దాన్ని మూసి చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, రొట్టెల పిండి కలపడానికి కూర్చున్నాడు. ముసలావిడ ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు. కోపమో, సిగ్గో తెలియలేదు. వెళ్ళే రోజున మాత్రం గుమ్మం దాకా వచ్చి, "భార్యకి నా పేరు చెప్పు. చెక్ అని చెప్పకు" అంది. "చెప్పి తిరిగొస్తాను, బాబ్కా" అని అతను మాటిచ్చాడు.

జనవరి పదమూడున మరియమ్మ ముందు ఒక కంటి ఆపరేషన్‌కి బల్ల ఎక్కింది. అయిదు రోజులు కదలకుండా వెల్లకిలా పడుకుంది. తలకి రెండు పక్కలా ఇసుక మూటలు. ఆ అయిదు రోజులూ అతను మంచం పక్కన కూర్చుని బహ్రెయిన్ కబుర్లు చెప్పాడు. స్లోవాక్ భాషలో నూరు దాకా లెక్కపెట్టి వినిపించాడు. పక్క మంచాలవాళ్ళు ఔరా అన్నారు. మరియమ్మ మాత్రం వింటూ పడుకుంది.

ఆరోనాడు డాక్టరమ్మ కట్టు విప్పింది. రెప్ప తెరుచుకోవడానికి కాస్త టైము పట్టింది. డాక్టరమ్మ ఒక లావుపాటి కళ్ళజోడు అద్దం ఆ కంటి ముందు పట్టుకుంది. మరియమ్మ చూసింది. చెయ్యి చాపి అతని చెంప తడిమి, అక్కడే ఉంచేసింది.

"నెరిసిపోయావేంటి, ఇంతలా!" అంది.

అతను జుట్టు తడుముకున్నాడు.

"ఎన్నాళ్ళుంటావు?"

ఊళ్ళో ఎవరేం అడిగినా ప్రశ్న పూర్తికాక ముందే జవాబు చెప్పే మనిషి, కిటికీ అవతల వేపచెట్టు కేసి చూశాడు.

"నలభై తొమ్మిది రోజులు" అన్నాడు చివరికి. "తిరుగు టికెట్ తీసేశారు. అక్కడ పెద్దావిడకి మాటిచ్చి వచ్చాను."

మరియమ్మ కాసేపు ఆ అద్దంలోంచి అతన్నే చూసింది. తర్వాత డాక్టరమ్మతో, "అద్దం అప్పుడే తియ్యకండమ్మా" అంది. అతనితో, "నువ్వు మాట్లాడకు. కాస్త వెలుగులోకి జరుగు" అంది.

అతను జరిగాడు.